నేను పీకిన తీగ

మిల్లు ఆగింది కాబట్టి నేను తీగ పీకాను. నేను తీగ పీకాను కాబట్టి మిల్లు ఆగిందని వాళ్లు రాశారు. ముందు జరిగినదాన్ని వెనక్కి, వెనక జరిగినదాన్ని ముందుకి మార్చి, కింద నలుగురు సంతకాలు పెట్టి, పదకొండేళ్లు పనిచేసిన నన్ను ఆ ఒక్క కాగితంతో గేటు బయటికి పంపించారు. నాకు జరిగిన అన్యాయం ఇంతే. చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలు, మరిచిపోవడానికి మాత్రం ఈ జన్మ చాలేలా లేదు.

పోయిన నెల సత్తుపల్లిలో మా వీధికి ఇంటర్నెట్ రెండు రోజులు రాలేదు. మూడో రోజు నిచ్చెన భుజాన వేసుకుని ఒక నడివయసు మనిషి వచ్చి, స్తంభం ఎక్కి దిగి, మా గుమ్మం ముందు మంచినీళ్లు తాగుతూ నాకు ధైర్యం చెప్పాడు.

"ఇగ ఫికర్ లేదు పెద్దాయనా. ఊరు చుట్టూ రింగు తిప్పినం. గిటు తెగితే అటు నుంచి వస్తది."

"మంచిది. మరి తెగని రోజుల్లో ఏ దిక్కు మూసి ఉంచుతారు?" అన్నాను.

"మూసుడేంది? రెండు దిక్కులా తెరిచే ఉంటది గదా."

"తెరిచే ఉంటే ఊరు మొత్తానికి నెట్టు పడిపోద్ది నాయనా. మీ ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు."

నా ముఖం చూసి నవ్వుకున్నాడు గాని, వెళ్తూ వెళ్తూ బండి మీద కూర్చునే ఫోన్ చేశాడు. కాసేపటికి బండి దిగి మళ్లీ వచ్చాడు. "అవ్, ఒక దిక్కు మూస్తరంట. మీకెట్ల ఎరుక?"

టీ ఇచ్చి పంపించాను గాని ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. ఇవ్వాలంటే డెబ్బైల్లోని జొన్నచేల దాకా పోవాలి. నా ఈడువాళ్లు, అడవి అంచున చేలు కాచినవాళ్లు ఇంకా కొందరు మిగిలి ఉంటారు, వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

దమ్మపేట దాటి అడవి మొదలయ్యేచోట మాకూ మా బంధువులకూ కలిపి ఒక పెద్ద చెలక ఉండేది. చుట్టూ అడవి, మధ్యలో జొన్న. కంకి పాలు పోసుకునే రోజుల్లో చిలకలు మబ్బులా దిగేవి, కోతులు వచ్చేవి, పందులు వచ్చేవి. చెలక అంచున చుట్టూతా ఏడెనిమిది మంచెలు వేసి, ఇంటికొకరు చొప్పున పొద్దు పొడిచినప్పటి నుంచి కూర్చునేవాళ్లం. ఎవరి మంచె మీద ఎవరు కునుకు తీస్తున్నారో, ఎవరు అంబలి తాగడానికి దిగిపోయారో తెలియడం ఎట్లా? దానికి మా పెద్దలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. వాగు పక్కనున్న మొదటి మంచె మా మేనమామది. ఆయన ఒక కూత వేసేవాడు. దాన్ని కుడివైపు మంచె అందుకుని పక్క మంచెకు వేసేది, అది ఆ పక్కదానికి, అట్లా కూత చెలక చుట్టూ తిరిగి ఎడమవైపు నుంచి మళ్లీ మా మేనమామ చెవిన పడేది. పడితే అందరూ మెలకువగా ఉన్నట్టే. పడకపోతే ఆయన మొహం తిప్పి ఈసారి ఎడమవైపుకు కూత వేసేవాడు. కుడివైపు ఎవరిదాకా పోయి ఆగింది, ఎడమవైపు ఎవరిదాకా పోయి ఆగింది చూసుకుంటే, ఆ రెండింటి మధ్య తెగిందని మంచె దిగకుండానే తెలిసిపోయేది. తెగిన చోటు దొరికేదాకా మా మేనమామ అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తూ మధ్యలో వంతెనలా కూర్చునేవాడు. అందువల్ల ఒక మంచె మూగబోయినా మిగతా మంచెలు ఒకదానికొకటి వినపడుతూనే ఉండేవి.

ఇందులో ఒక కట్టుబాటు ఉంది. కూత చుట్టూ తిరిగి మొదటి మంచెకు వచ్చాక ఆయన దాన్ని మింగెయ్యాలి. ఇంకొకరికి అందించకూడదు. మిగతా అందరూ అందించాలి, ఆయన ఒక్కడే మింగాలి. ఎందుకో నాకు చిన్నప్పుడు తెలిసేది కాదు, మా మేనమామ అల్లుడు వచ్చేదాకా.

కొత్త అల్లుడు. మామకు జ్వరం తగిలితే ఆ పూట మొదటి మంచె మీద ఆయన్ని కూర్చోబెట్టారు. మంచి మర్యాదస్థుడు. అత్తింటివాళ్లు పిలిస్తే పలకకుండా కూర్చోవడం పొగరనుకుంటారేమోనని, చుట్టూ తిరిగి వచ్చిన తన కూతకు తానే ఎంతో వినయంగా బదులు పలికాడు. అది మళ్లీ చుట్టూ తిరిగింది. మళ్లీ పలికాడు. ఈలోపు పందుల్ని చూసిన ఇంకో మంచె కొత్త కూత వేసింది, అదీ తిరగడం మొదలుపెట్టింది. ఏది కొత్తదో ఏది పాతదో తెలియదు, వచ్చిన ప్రతిదాన్నీ అందరూ అందిస్తున్నారు, గొంతులు పోతున్నాయి, ఒక్కడికీ చిలకల్ని తోలే తీరిక లేదు. పొద్దెక్కేసరికి తూర్పు అంచు మొత్తం బోడి కంకులు. మా మేనత్త గెంజి పట్టుకుని వచ్చి ఆ చేను చూసి, మంచె కింద నిలబడి తలెత్తి అడిగింది:

"ఏందల్లుడూ, నీ కూతకు నువ్వే జవాబిస్తివా?"

"పిలిస్తిరి గదత్తా, పలకకపోతే ఏమనుకుంటరో అని."

ఆ ఏడాదంతా ఆ మాట చెప్పుకుని నవ్వాం. ఆయన ఇప్పుడు లేడు. నవ్వులాట నవ్వులాటే గాని, గుండ్రంగా వేసిన ప్రతి పనిలోనూ ఒకడు నోరు మూసుకుని కూర్చోవాలన్నది నాకు ఆ అల్లుడి పుణ్యాన ఏడో తరగతిలోపే ఎరుకైంది. ఏడో తరగతితోనే నా చదువు ఆగింది కాబట్టి, బళ్లో నేర్చిన వాటికంటే అదే నాకు ఎక్కువ కాలం అన్నం పెట్టింది.

ఆ తర్వాత కొత్తగూడెంలో మోటార్లు చుట్టే షాపులో చేరాను. పాత అట్టల ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కొనుక్కుని, మోటార్లతో వచ్చే కాగితాల్ని మాట మాటగా విప్పుకుంటూ చదివాను. ఒక పేజీకి ఒక వారం పట్టేది. నన్ను చూసి షాపులోవాళ్లు "దొరవారు చదువుకుంటుండ్రు, ఎవ్వరూ దగ్గొద్దు" అని ఎగతాళి చేసేవాళ్లు. చేయనీ. ఎనభైల చివర్లో మా అడవి అంచునే ప్లైవుడ్ మిల్లు ఒకటి పెడితే వైర్‌మన్‌గా చేరాను. ఆ మిల్లు పేరు రాయను, ఇప్పుడది లేదు, ఉన్నా రాయను. జామాయిల్ దుంగలు ఒకవైపు లోపలికి పోతే, వాటిని పొరలుగా చెక్కి, జిగురు పూసి, ఆవిరితో కాగిన ప్రెస్సులో నొక్కి, బల్లచెక్కలుగా ఇంకోవైపు బయటికి వచ్చేవి.

తొంభైల చివరలో పాత యంత్రాలకు కంప్యూటర్లు తగిలించారు. ఆఫీసు, లారీలు తూచే కాటా గది, కట్టె యార్డు, వాగు ఒడ్డున పంపుహౌసు, బాయిలరు, ప్రెస్సు, ఇట్లా ఆరు చోట్ల ఆరు పెట్టెలు పెట్టి, వెంట్రుకంత గాజుపోగున్న నల్లటి తీగతో ఆరింటినీ గుండ్రంగా కలిపారు. మిల్లు చుట్టూ స్తంభాల మీద ఆ తీగను లాగింది నేను, అతుకు వేయడం నేర్చుకుంది కూడా నేనొక్కడినే. బిగించిన కంపెనీవాళ్లు మూడు రోజులుండి, ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. దాన్ని ఎవరూ తెరవలేదు. నేను ఇంటికి తెచ్చుకున్నాను.

రెండు నెలలు పట్టింది. చదివి చూస్తే ఆ పుస్తకంలో ఉన్నది మా మేనమామ. ఆఫీసులో ఉన్న పెట్టె మొదటి మంచె. దాని పక్కన నువ్వుగింజంత మీట ఒకటి ఉంటుంది. అది పైకి ఉంటే ఆ పెట్టె పెద్దరికం వహిస్తుంది. క్షణానికి ఎన్నోసార్లు రెండు దిక్కులా చిన్న కూత వేస్తుంది. తిరిగి వస్తే రింగు బాగుందని, తన రెండు తలుపుల్లో ఒకటి మూసి ఉంచుతుంది. కూత రాకపోతే ఎక్కడో తెగిందని, ఆ మూసిన తలుపు తెరిచి, మాటల్ని అటు నుంచి తిప్పి పంపిస్తుంది. తెగింది అతికాక, కూత మళ్లీ వినపడగానే తలుపు మళ్లీ మూసేస్తుంది. మీట కిందికి నొక్కితే పెద్దరికం ఊడిపోతుంది, రెండు తలుపులూ తెరిచే ఉంటాయి, రింగు బాగున్న రోజున అట్లా ఉంటే ప్రతి మాటా అంతులేకుండా తిరుగుతుంది. పుస్తకంలో ఈ సంగతి చెప్పిన చోట ఒక ముక్కోణం గీసి హెచ్చరిక అని రాశారు. నాకు ముక్కోణంతో పని లేకపోయింది, తూర్పు అంచున బోడి కంకులు కళ్ల ముందు కనపడ్డాయి.

ఆ ఎండాకాలమే గాలిదుమారానికి ఒక ఎండుమాను పంపుహౌసుకూ బాయిలరుకూ మధ్య తీగ మీద పడి తెంపింది. బాయిలరుకు నీటిమట్టం ఎంతుందో చెప్పే మాట అటువైపు నుంచే రావాలి. మిల్లులో ఒక్కరికి కూడా తెలియలేదు. మూసిన తలుపు తెరుచుకుంది, మాట చుట్టూ తిరిగి రెండో దిక్కు నుంచి వచ్చింది, బాయిలరు తన పాటికి తను కాగుతూనే ఉంది. నేను దీపాలు చూసి కనిపెట్టి, నిచ్చెన తీసుకుపోయి అతుకు వేసి వచ్చాను. ఎవరూ మెచ్చుకోలేదు, ఏమీ ఆగలేదు కాబట్టి మెచ్చుకోవడానికి ఏమీ కనపడలేదు. అంత తృప్తిగా నేను అన్నం తిన్న రోజు ఇంకొకటి లేదు.

ఇప్పుడు నా మీద ఆ కాగితం రాయించిన పెద్దమనిషి దగ్గరికి వద్దాం. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చిన ఆఫీసరు. పెద్ద చదువు, తెల్ల చొక్కా, జేబులో ఎప్పుడూ బంగారు రంగు పెన్ను. ఆయన అని రాస్తున్నానంటే అది వయసుకు ఇస్తున్న గౌరవమే గాని మనిషికి కాదు. ఒకరోజు పొద్దున్నే హైదరాబాద్ నుంచి పైవాళ్లు ఇద్దరు వచ్చారు. వాళ్లకు కొత్త పెట్టెలు చూపిస్తూ తిప్పుతున్నాడు. అవసరమైతే తలుపు తీయడానికి, గొళ్లెం వేయడానికి నేను వెనక నిలబడ్డాను. స్టోర్సు గుమాస్తా కూడా ఉన్నాడు. వచ్చినవాళ్లలో ఒకాయన పెట్టె మీద వెలగని దీపాన్ని చూపించి, ఈ లైను ఎందుకు పనిచేయడం లేదు, ఇంత తీగ లాగి ఖాళీగా పెట్టారేమిటి అన్నాడు. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. ఆయనకు తెలియదు. తెలియదని చెప్పడం ఆయనకు చేతకాదు. వంగి చూస్తే మీట కనపడింది. జేబులోంచి పెన్ను తీశాడు.

"వద్దు సార్," అన్నాను. "అది ముట్టొద్దు. ఆ దిక్కు కావాలనే మూసి ఉంటది. తెరిస్తే మిల్లంత ఆగుతది."

ఆయన నావైపు తిరగకుండానే, పైవాళ్లను చూసి నవ్వుతూ అన్నాడు:

"చూశారా, మా దగ్గర వైర్‌మన్‌లు కూడా ఇంజనీర్లే."

వాళ్లు నవ్వారు, గుమాస్తా అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులోనే పెన్ను మొనతో మీట కిందికి నొక్కాడు. వెలగని దీపం వెలిగింది. "ఇదిగో, పనిచేస్తోంది," అన్నాడు.

వేటి పాటికి అవి మిణుకుమిణుకుమనే దీపాలు ఒక్కసారిగా రెప్ప వేయకుండా వెలిగిపోయాయి. మాటలు తిరుగుతున్నాయని నాకు తెలుసు. బాయిలరుకు నీటిమట్టం అందడం లేదు. అందకపోతే ప్రమాదమని అది తనంతట తనే చల్లారిపోతుంది. ప్రెస్సు సగంలో ఆగుతుంది. జిగురు కాగే గాబులో కవ్వం తిరగడం ఆగితే జిగురు బండకడుతుంది. అంతలోనే బాయిలరు నుంచి ఫోను మోగింది.

"సార్, మీట పైకి ఎత్తుండ్రి," అన్నాను.

"నువ్వు నోర్ముయ్. కొత్తలో అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది. కంపెనీవాళ్లు వచ్చేదాకా ఇది ఎవరూ ముట్టుకోకూడదు." అని పెట్టెకు వీపు ఆనించి నిలబడ్డాడు, దానికి తాను కాపలా అన్నట్టు.

ఆయన్ని నెట్టి మీట ఎత్తే ధైర్యం నాకు ఆ రోజు లేకపోయింది. ఈ ఒక్క సంగతికే నన్ను నేను తిట్టుకుంటాను. దానికి బదులు ఇంకో దారి ఉంది. రింగు ఎక్కడో ఒకచోట తెగితే తిరుగుడు ఆగుతుంది. యాభై అడుగులు పరుగెత్తి కాటా గదికి పోయి, ఆఫీసు నుంచి వచ్చే తీగను అక్కడి పెట్టెలోంచి పీకేశాను. దీపాలు మళ్లీ మిణుకుమన్నాయి, పెట్టెలు ఒకదానికొకటి వినపడ్డాయి. కానీ బాయిలరు అప్పటికే చల్లారింది, దాన్ని మళ్లీ కాగబెట్టేలోపు గాబులో జిగురు గడ్డ కట్టింది. మిల్లు ఎందుకు ఆగిందో చూద్దామని లారీ డ్రైవర్లు, కూలీలు, వాచ్‌మన్ బయటికి వచ్చేసరికి, కాటా గది గుమ్మంలో చేతిలో తీగతో నిలబడి ఉన్నది నేను.

సాయంత్రానికి కాగితం తయారైంది. అనుమతి లేకుండా తీగ పీకి మిల్లు నిలిపినందుకు, అని ఉంది. సంతకాలు పైవాళ్లు ఇద్దరివి, ఆఫీసరుది, గుమాస్తాది. గుమాస్తాను గేటు దగ్గర ఆపి అడిగాను.

"నువ్వు చూసినవ్ గదా."

"చూసిన. నాకు ముగ్గురు పిల్లలన్నా," అని నేల చూస్తూ వెళ్లిపోయాడు.

నేను పీకిన తీగకు ఆఫీసరు స్వయంగా అట్టముక్క కట్టి, దాని మీద ముట్టరాదు అని తన చేత్తో రాశాడట. ఎవరో చదివి చెబితే విని, ఆ మాట మా చెల్లెలు నాకు చెప్పింది. ఆమె అదే మిల్లులో కాంట్రాక్టు కూలీ, పొద్దున ఆఫీసూ కాటా గదీ ఊడ్చి, ఆ తర్వాత జిగురు గదిలో పనిచేసేది. మీట కిందికే ఉంది, తీగ పీకే ఉంది. అంటే రింగు ఇక రింగు కాదు, రెండు కొసలున్న తాడు. ఇంకొక్క చోట తెగితే చాలు అనుకుంటూ ఎదురుచూశాను. దేవుణ్ణి అంత శ్రద్ధగా నేనెప్పుడూ ఏదీ అడగలేదు.

ఆరు నెలల్లో తెగింది. వాగు ఒడ్డున ఎవరిదో ట్రాక్టరు స్తంభాన్ని గుద్దితే, పంపుహౌసుకూ బాయిలరుకూ మధ్య తీగ మళ్లీ పోయింది. ఈసారి తిప్పి పంపే దారి లేదు. బాయిలరు చల్లారింది, జిగురు మళ్లీ గడ్డకట్టింది. అతుకు వేసేవాడు లేడు, కంపెనీవాళ్లు ఇవాళ రేపు అంటున్నారు. అన్నిటికంటే నవ్వు తెప్పించే సంగతి ఏమిటంటే, కాటా గదిలో వేలాడుతున్న ఆ తీగను తిరిగి గుచ్చితే మిల్లు నిమిషంలో లేచేది. రెండు వేళ్ల పని. కానీ దాన్ని ముట్టుకునే మగాడు ఆ మిల్లులో లేడు. మిల్లును ఆపిన తీగ అదేనని వాళ్లే కదా రాసుకున్నది. వాళ్ల అబద్ధానికి వాళ్లే భయపడి కూర్చున్నారు.

జీపు మా ఇంటికి వచ్చింది. డ్రైవరు దిగి బతిమాలాడు.

"అన్నా, సార్ నిన్ను తీస్కరమ్మన్నడు."

"సార్‌నే రమ్మను. నా మంచం మీద కూర్చుని, నలుగురూ వింటుండగా మీట ఎవరు నొక్కిండ్రో చెప్పమను. అప్పుడొస్త."

"గట్లంటే ఎట్లనే? ఆయన వస్తడా?"

"రాకపోతే మిల్లు లేవదు."

రెండో రోజూ జీపు వచ్చింది, ఆయన రాలేదు. నేను మంచం మీద కూర్చుని మిల్లు పొగగొట్టం వైపు చూసేవాణ్ణి. పొగ లేని ఆ ఆకాశం చూసి నాకు కలిగిన ఆనందం ఇట్లాంటిదని రాయలేను. రాస్తే మీరు నన్ను మంచివాడనుకోరు.

మూడో రోజు పొద్దుగూకే వేళ మా చెల్లెలు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి రెండు అరచేతులూ తెరిచి చూపించింది. మూడు రోజులుగా గాబులో గడ్డకట్టిన జిగురును గునపాలతో చెక్కిస్తున్నారట ఆడవాళ్ల చేత. తోలు లేచిపోయి, లోపల ఎర్రగా ఉంది.

"ఆయన మీది పగ నా చేతుల మీద తీర్చుకుంటున్నవ్ అన్నా," అంది. "ఆఫీసరు ఇంట్ల పంకా కింద పండుకున్నడు. చెక్కేది మేము."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నేను లేచి నిలబడ్డాను. కాటా గదిలో తీగ ఎక్కడ గుచ్చాలో మట్టిలో గీసి చూపించాను. విని తలూపింది. మీట సంగతి చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. మీట కిందికే ఉంటే, తీగ గుచ్చగానే మిల్లు లేస్తుంది గాని, రేపో ఎల్లుండో కంపెనీవాళ్లు వచ్చి తెగినచోట అతుకు వేయగానే రింగు పూర్తయి మళ్లీ మాటలు తిరుగుడు మొదలవుతుంది, ఈసారి నేను మిల్లు దరిదాపుల్లో కూడా ఉండను, నింద వేయడానికి ఆయనకు మనిషే దొరకడు. అంతా ఒక్క క్షణంలో ఆలోచించాను. ఆమె వాకిలి దాటబోతూ వెనక్కి తిరిగింది.

"గంతేనా? ఇంకేమన్న ఉందా?"

జిగురు మళ్లీ గడ్డకడితే దాన్ని చెక్కేది ఎవరో ఆ చేతులే చెప్తున్నాయి.

"ఉంది," అన్నాను. "ముందు ఆఫీసుల పెట్టె పక్కన నువ్వుగింజంత మీట ఉంటది. గోటితోని పైకి లేపు. ఆ తర్వాతే తీగ గుచ్చు."

మర్నాడు ఊడ్చేటప్పుడు ఆ రెండు పనులూ ఆమె చేసింది. మిల్లు లేచింది. హైదరాబాద్‌తో ఫోన్‌లో మాట్లాడి తానే బాగుచేశానని ఆఫీసరు చెప్పుకున్నాడు. ఆ తర్వాత మిల్లు నడిచినన్నాళ్లూ తీగ ఎన్నిసార్లు తెగినా పని ఆగలేదు. ఆ పేరు కూడా ఆయనకే వచ్చింది, ఒక సభలో శాలువా కప్పారని విన్నాను. చదవడం రాని మా చెల్లెలు ఆ సభ అయ్యాక కుర్చీలు ఎత్తి హాలు ఊడ్చింది.

నన్ను తిరిగి పిలవలేదు. నేను సత్తుపల్లికి వచ్చి మోటార్ల షాపు పెట్టుకుని బతికాను, బాగానే బతికాను. కానీ ప్రతి ఏడూ, నన్ను గేటు బయటికి పంపిన తారీకుకు, ఆయనకు రిజిస్టర్డ్ ఉత్తరం రాశాను, అందినట్టు సంతకం తిరిగివచ్చే కార్డు తగిలించి. ఊరు మారితే ఊరు కనుక్కున్నాను, ఇల్లు మారితే ఇల్లు కనుక్కున్నాను. తిట్టలేదు. ఉత్తరంలో ఒకటే వాక్యం: ఆ మీట నొక్కింది ఎవరు, నేను వద్దన్నానా లేదా. జవాబు రాలేదు గాని కార్డు ప్రతిసారీ వచ్చింది. మొదట్లో ఆ సంతకం తెల్ల చొక్కాలాగే నిటారుగా ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ వంగింది, ఆ తర్వాత వణికింది. ఆ వణుకు చూసి నేను సంతోషపడ్డాను. దాచుకోను. ఆయన కంటే ముందు నేను పోకూడదని, అందుకోసమే పొద్దున్నే లేచి నడిచాను, చక్కెర మానేశాను.

ఈమధ్య పని ఉండి ఆ దారిన వెళ్లాను. మిల్లు రేకులు ఎవరో విప్పుకుపోయారు. కాటా గది గోడల్లో రావి మొక్కలు లేచాయి. స్తంభాలు నాలుగు మిగిలాయి, వాటికి నా చేత్తో బిగించిన కొక్కేలు తుప్పు పట్టి అట్లాగే ఉన్నాయి. మా జొన్నచెలక ఉన్నచోట పామాయిల్ తోట పెరిగింది. మట్టలు దట్టంగా కమ్ముకుని మధ్యాహ్నమే చీకటిగా ఉంది, అందులో చిలక దిగదు, మనిషి కూత వేసే అవసరం లేదు. ఇప్పుడు ఊళ్ల చుట్టూ, జిల్లాల చుట్టూ తీగలు తిరుగుతున్నాయి, తెగితే వాటంతట అవే దారి మార్చుకుంటున్నాయి, లోపల ఎవరో ఒకరు నోరు మూసుకుని కూర్చుంటేనే ఇదంతా నడుస్తుందని నిచ్చెన మోసే మనిషికి కూడా తెలియనక్కర్లేకుండా పోయింది. మంచిదే. మా కాలంలో తెలిసినవాడు నోరు తెరిచినందుకు గేటు బయటికి పోయాడు.

ఇరవై ఒకటో ఉత్తరానికి కార్డుతో పాటు కవరు కూడా వచ్చింది. అక్షరాలు గీతల మీద నిలవలేక జారిపోతున్నాయి, అయినా ఎవరిచేతా రాయించలేదు, తనే రాశాడు. పదకొండేళ్ల కొలువులో నువ్వు తప్ప ఇంకో మాటతో పిలవని మనిషి, మొదటిసారి నన్ను మీరు అన్నాడు. ఒక అక్షరం కూడా మార్చకుండా ఇక్కడ దింపుతున్నాను.

"మీట నొక్కింది నేనే. మీరు వద్దన్నారు. ఆ రోజు నలుగురి ముందు మీరు వద్దనకపోయి ఉంటే, బహుశా నేను నొక్కి ఉండేవాణ్ణి కాదు."